ఐచ్ఛికమట!

మూడున్నరేళ్ళ పిల్ల మెడకు టై కట్టాలా వద్దా అన్నదానిమీద అరవయ్యేళ్ళు దాటినవాడు ఇంత పొడుగు టపా రాయడం అవసరమా అని మా ఆవిడ అడిగింది. అవసరమనే అనుకుంటున్నాను. పెద్దవాళ్ళకు అన్యాయం జరిగితే వాళ్ళే రాసుకుంటారు, అరుస్తారు, ధర్నా చేస్తారు. నోట్లో వేలు పెట్టుకునే వయసువాళ్ళకు ఆ సదుపాయం లేదు. పైగా వాళ్ళ విషయంలో మనం చేసే పనులన్నీ ముద్దు అనే ముసుగులో జరుగుతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

సంగతి ఇది. మా అబ్బాయీ కోడలూ హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఈ ఏడాదికి మనవరాలు పెనుగంచిప్రోలులో మా దగ్గర ఉంది. ఊళ్ళో ఒక కాన్వెంటులో నర్సరీలో చేర్చాం. (మా వైపు సిలువ లేని బడినైనా, గుమ్మంలో సరస్వతీదేవి బొమ్మ ఉన్న బడినైనా కాన్వెంటనే అంటారు.) జూన్‌లో బడి తెరవడానికి వారం ముందు అక్కడినుంచి ఒక కాగితం వచ్చింది. నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు యూనిఫాం ఐచ్ఛికమనీ, కావలసినవారు ఆఫీసులో సంప్రదించవలెననీ అందులో ఉంది. ఐచ్ఛికమన్న ముక్కకు ఒక పంక్తి సరిపోయింది. దాని కింద ధరల పట్టిక సగం పేజీ ఉంది. రెండు జతలు, టై, బెల్టు, బూట్లు, మేజోళ్ళు, అన్నీ కలిపి 2,150 రూపాయలు.

అబ్బాయికి ఫోన్ చేస్తే "మీ ఇష్టం నాన్నా" అన్నాడు. కోడలు "అత్తయ్యగారు ఎలా అంటే అలా మామయ్యగారూ" అంది. అత్తయ్యగారు కొనాలనే అంది. నేను వద్దన్నాను. వారంరోజులు ఇంట్లో అన్నం వడ్డించేటప్పుడు గరిటె చప్పుడు కాస్త ఎక్కువగానే వినిపించింది.

ముందుగా ఆ మాట సంగతి చూద్దాం. యూనిఫాంకి సర్కారువారి తెలుగు ఏకరూప దుస్తులు. ఉత్తర్వుల్లో తప్ప ఎవరి నోటా వినం. ఐచ్ఛికం కూడా ఆ గోత్రానిదే. ఇచ్ఛనుంచి పుట్టినది ఐచ్ఛికం. ఎవరి ఇచ్ఛ? వేసుకునే పిల్లది కాదు, దానికి ఆ కాగితం చదవడం రాదు. బడివారిది కాదు, వారు చేతులు దులుపుకుని ధరల పట్టిక ఇచ్చారు. తల్లిదండ్రులదా? అక్కడే ఉంది మెలిక.

మన పెళ్ళిళ్ళలో చదివింపులు కూడా ఐచ్ఛికమే. ఎంత చదివించాలో ఎవరూ చెప్పరు, అసలు చదివించమనీ అడగరు. పందిరి గుమ్మంలో బల్ల వేసుకుని, నోటుపుస్తకం తెరుచుకుని ఒకాయన కూర్చుంటాడు, అంతే. ఆయనను దాటుకుని ఒట్టి చేతులతో భోజనాల పంక్తికి వెళ్ళగలిగినవారు ఎంతమంది? వెళ్ళగలవాడు ఊరిపెద్ద అయినా అయ్యుండాలి, పూర్తిగా తెగించినవాడైనా అయ్యుండాలి. మధ్యవాళ్ళకు ఐచ్ఛికం వర్తించదు. బళ్ళో యూనిఫాం ఇష్టమున్నవారికే అంటే మొదటి వారం సగంమంది వేసుకొస్తారు. ఆగస్టు పదిహేనుకి జెండావందనంలో వరస బాగుండాలని ఇంకో పదిమంది. తరగతి ఫోటో తీసే రోజుకి మరికొందరు. దసరా సెలవులనాటికి రంగు బట్టల్లో ఇద్దరో ముగ్గురో మిగులుతారు. ఆ ముగ్గురూ ఎవరి పిల్లలై ఉంటారో మీరూ ఊహించగలరు, నేనూ ఊహించగలను. ముఖ్యంగా ఆ పిల్లల తల్లులు ఊహించగలరు. అందుకే అప్పు చేసైనా ముందే కొనేస్తారు.

తప్పనిసరి అన్నవాణ్ణి నేను కొంతవరకు క్షమించగలను. వాడు ఒక నిర్ణయం తీసుకున్నాడు, దాని మంచిచెడ్డలు వాడివి. వెళ్ళి నిలదీయవచ్చు. ఐచ్ఛికమన్నవాణ్ణి నిలదీయడానికి వీల్లేదు. "మేము బలవంతపెట్టామా అండీ?" అంటాడు. నిజమే, పెట్టలేదు. ఆ పని ఊరు చేసిపెడుతుంది.

ఇక పిల్ల ఒంటి సంగతి. దీన్ని గురించి ఇంగ్లీషు చర్చల్లో ఎవరూ మాట్లాడరు. అక్కడ వ్యక్తిత్వమూ సమానత్వమూ వంటి పెద్దమాటలు దొర్లుతాయి. నర్సరీ పిల్లవాడికి యూనిఫాంతో వచ్చే మొదటి చిక్కు వ్యక్తిత్వంతో కాదు, ఒంటికి వెళ్ళడంతో వస్తుంది. నిక్కరుకి ముందర కొక్కెం, దాని కింద జిప్పు, పైన బెల్టు, బెల్టుకి ఇనుప బిళ్ళ. మూడేళ్ళవాడికి 'వస్తోంది' అని తెలిసేదానికీ, వచ్చేసేదానికీ మధ్య ఉండే వ్యవధి ఎంతో పిల్లల్ని పెంచిన ప్రతివారికీ తెలుసు. ఆ వ్యవధిలో వాడు చెయ్యి ఎత్తాలి, టీచరు చూడాలి, ఆయమ్మ రావాలి, బెల్టు విప్పాలి, కొక్కెం తియ్యాలి. మా ఎదురింటి కుర్రవాడికి బడి తెరిచిన నాలుగోరోజే ఈ పరీక్షలో తప్పింది. మధ్యాహ్నం దాకా తడి నిక్కరుతోనే కూర్చున్నాడు. తొడలు ఒరుసుకుపోయాయి. మర్నాడు పొద్దున్నే బెల్టు చూడగానే ఏడుపు. ఏ బడి అన్నది ఇక్కడ అనవసరం. ఏ బళ్ళోనైనా ఇదే జరుగుతుంది, ఎందుకంటే తప్పు ఆయమ్మది కాదు, బెల్టుది.

ఇంట్లో వేసుకునే సాగే నాడా చెడ్డీ అయితే వాడే కిందికి లాక్కుంటాడు. తన పని తాను చేసుకోగలిగిన పిల్లవాణ్ణి, బడి అనే చోటికి పంపి, చేసుకోలేనివాణ్ణిగా మార్చడమే దీని ఫలితం. మరియా మాంటిసోరి 1907లో రోమ్ నగరపు పేదపేటలో పిల్లల ఇల్లు తెరిచింది. ఆవిడ తయారుచేయించిన పరికరాల్లో బొత్తాల చట్రాలు ఉంటాయి. ఒక చెక్క చట్రానికి రెండు గుడ్డముక్కలు, వాటికి పెద్ద బొత్తాలో, కొక్కేలో, ముడివేసే దారాలో. పిల్లలు తీరిగ్గా కూర్చుని పెడుతూ తీస్తూ నేర్చుకుంటారు. తన బట్టలు తాను తొడుక్కోవడం, విప్పుకోవడం ఆ వయసులో చదువులో భాగమని ఆవిడ నమ్మకం. ఆవిడ 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం మూలంగా ఏళ్ళ తరబడి ఈ దేశంలోనే ఉండిపోయి, వందలమంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఇప్పుడు మాంటిసోరి అన్న పేరు లేని తెలుగు పట్నం లేదు. పేరు బోర్డుమీదికి వచ్చింది. చట్రం రాలేదు. చట్రం బదులు బెల్టు వచ్చింది.

ఇటలీలోనే పిల్లలకు మరో అలవాటు ఉంది. సొంత బట్టలమీద ఒక వదులు పైగౌను తొడుగుతారు. రంగులు పూసుకున్నా, మట్టిలో దొర్లినా దాన్ని విప్పి ఉతుక్కోవచ్చు. అదీ ఒకరకం యూనిఫామే. కాని ఆ గుడ్డ పిల్లను కాపాడుతుంది. మన దగ్గర పిల్ల ఆ గుడ్డను కాపాడాలి. "మరక పడితే అమ్మ తిడుతుంది" అని ఇసకలో దిగకుండా గట్టుమీద నిలబడిన నర్సరీ పిల్లల్ని చూడండి, నేను చెప్పేది తెలుస్తుంది. తెత్సుకో కురొయనాగి 1981లో రాసిన తొత్తోచాన్‌ను మనలో చాలామంది రైలుబడిగా చదువుకుని మురిసిపోయినవారే. ఆ పుస్తకంలోని హెడ్‌మాష్టారు కొబయాషి తల్లులను పదే పదే కోరుకున్నది ఒకటే, పిల్లలకు ఉన్నవాటిలో అతి పాత బట్టలు వేసి పంపమని. మురికి అవుతాయనీ చిరుగుతాయనీ భయం లేకుండా ఆడుకోవాలని. ఆ పుస్తకం చదివి కళ్ళు చెమర్చిన తల్లిదండ్రులే మర్నాడు పొద్దున బిడ్డ బూట్లకు పాలిష్ పెడుతున్నారు. పుస్తకాలు మనను ఏమీ చెయ్యవనడానికి ఇంతకన్న రుజువేం కావాలి!

ఎండ మాట కూడా చెప్పాలి. మాది పాత కృష్ణాజిల్లా మెరక ప్రాంతం. 2022 ఏప్రిల్‌నుంచి ఎన్టీఆర్ జిల్లా అయింది గాని ఎండ మారలేదు. నందిగామ, జగ్గయ్యపేటల్లో జూన్ రెండోవారంలో 40 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే బడులు తెరుస్తారు. చుట్టూ నల్లరేగడి నేల, పత్తి పంట. ఎదురింటావిడ ఏటా పత్తి తీతలకు వెళ్ళే చేలు మా ఊరి పొలిమేరల్లోనే ఉన్నాయి. ఆవిడ కొడుక్కి మాత్రం పాలిస్టరు కలిసిన చొక్కా, మెడచుట్టూ రబ్బరు టై. నూలుబట్ట అయితే ఇస్త్రీ నిలవదట, రంగు వెలిసిపోతుందట. పత్తి పండించిన ఊళ్ళో పసివాళ్ళకు పత్తిబట్ట యోగం లేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ మా ఆవిడ ఒప్పుకుంది. అయితే దగ్గరలోని మంచి దర్జీ చేత నూలుబట్టతో, సాగే నాడాతో అదే రంగులో కుట్టిద్దాం అంది. ఆడవాళ్ళ దగ్గర ఎప్పుడూ ఒక ఆచరణీయమైన పరిష్కారం ఉంటుంది, అదే మన వాదాలకు పెద్ద శత్రువు. ఆ పరిష్కారంతో బెల్టు బాధ పోతుంది. చదివింపుల పుస్తకం బాధ పోదు.

యూనిఫాం తరఫున చెప్పేవాటిలో రెండింటిని తేలిగ్గా తీసెయ్యవచ్చు. ఒకటి క్రమశిక్షణ. ఉయ్యాల దగ్గర తన వంతు వచ్చేదాకా ఆగడం, చెప్పులు విప్పి వరసలో పెట్టడం, తిన్న పళ్ళెం తీసుకెళ్ళి ఇవ్వడం, మూడేళ్ళవాడికి క్రమశిక్షణ అంటే ఇంతే, దానికి టై అవసరం లేదు. రెండోది, తప్పిపోతే గుర్తుపట్టవచ్చునట. ఈ మాట మా ఊళ్ళో చెప్పకండి. తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళలో పిల్లలు తప్పిపోవడం ఏటా ఉండేదే. అప్పుడు మైకులో ఏమని చెబుతారు? ఎర్ర గౌను, రెండు పిలకలు, కాళ్ళకు పట్టీలు అని చెబుతారు. అందరికీ ఒకే బట్ట వేసి ఒకణ్ణి గుర్తుపట్టడం ఎలాగో ఆ వాదన చేసేవారే చెప్పాలి. మెడలో వేలాడే కార్డుమీద ఫోన్ నంబరు ఉంటే చాలు. అన్నట్టు, నర్సరీలో మొదట నేర్పేది రంగులు! అందుకోసం నెలకో రోజు పసుపుపచ్చ రోజనీ ఎర్ర రోజనీ పెట్టి ఆ రంగు బట్టల్లో రమ్మంటారు. రోజూ రంగులు తీసేసి, నెలకోసారి రంగుల పండగ చేయడం! మా ఊళ్ళో రెండేళ్ళకోసారి అమ్మవారి విగ్రహాలకే కొత్త రంగులు వేయించడానికి జగ్గయ్యపేట ఊరేగింపుగా తీసుకువెళతారు. ఆ ఊరి పిల్లలకు రంగుల పాఠం బళ్ళో చెప్పాల్సిన అవసరమే లేదు.

తేలిగ్గా తీసెయ్యలేనిది సమానత్వం. ఉన్నవాళ్ళ పిల్లా లేనివాళ్ళ పిల్లా పక్కపక్కన కూర్చున్నప్పుడు బట్టలు ఒకటే అయితే మనసు చిన్నబోదు అన్నది పాత వాదమే, బలమైన వాదమే. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా సర్కారు బళ్ళలో పాఠాలు చెప్పాను, ఈ వాదాన్ని నేనే ఎన్నో సమావేశాల్లో వినిపించాను.

కాని దాని పుట్టుక చూడండి. 1552లో లండనులో క్రైస్ట్స్ హాస్పిటల్ అని ఒక సంస్థ పెట్టారు. పేరుకి హాస్పిటల్ గాని వైద్యశాల కాదు. దిక్కులేని పిల్లలకు కూడూ గుడ్డా చదువూ ఇచ్చే చోటు. ఆ పిల్లలకు ఇచ్చిన పొడుగు నీలం కోటు బడిదుస్తుల చరిత్రలో అతి పాతవాటిలో ఒకటి. వీళ్ళు ధర్మంమీద చదువుకునేవాళ్ళు అని వీధికి చెప్పే గుర్తు అది. ఇప్పుడు ఆ బడి పేరున్న బడి, అదే కోటు గర్వంగా వేసుకుంటారు. కోటు మారలేదు. కాబట్టి గుడ్డలో సమానత్వమూ లేదు, అసమానత్వమూ లేదు. దాని ఖరీదు ఎవరు పెట్టారు, దాన్ని ఎవరు ఎక్కడినుంచి చూస్తున్నారు అన్నదానిలో ఉంది.

ఖరీదు ఎవరు పెట్టారు? సర్కారు బళ్ళో ప్రభుత్వమే పెడుతుంది. సమగ్ర శిక్ష కింద ఎనిమిదో తరగతి దాకా రెండు జతలకు పిల్లకు ఏటా 600 రూపాయలు అని 2018లో లెక్క కట్టారు. మన రాష్ట్రంలో 2020 అక్టోబరులో జగనన్న విద్యా కానుక పేరుతో ఒకటినుంచి పదో తరగతి దాకా బట్ట, బూట్లు, బెల్టు, సంచి ఇచ్చారు. ప్రభుత్వం మారాక 2025లో అదే సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. పేరుమీద నాకు పట్టింపు లేదు. పిల్లకు బట్ట అందింది, అది మంచి పని. ఆ యూనిఫాంకి నేను వ్యతిరేకిని కాను.

అయితే ఇవన్నీ ఒకటో తరగతినుంచి. 2009 నాటి విద్యాహక్కు చట్టమే ఆరేళ్ళనుంచి పద్నాలుగేళ్ళ దాకా అంటుంది. అంతకన్న చిన్నవాళ్ళకు ప్రభుత్వం ఏర్పాటు చెయ్యవచ్చు అని పదకొండో సెక్షనులో ఒక మెత్తటి మాట అని ఊరుకుంది. (చూశారా, అక్కడా ఐచ్ఛికమే.) 2025లో మొదలైన తల్లికి వందనం డబ్బులు ప్రైవేటు బడి పిల్లల తల్లులకు కూడా వస్తాయి, కాని అదీ ఒకటో తరగతి మొదలుకొనే. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళనుంచీ చదువు మొదలు అంటోంది. చదువు మూడేళ్ళకు, సాయం ఆరేళ్ళకు. ఈ మధ్య మూడేళ్ళ ఖాళీలోనే నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ వ్యాపారమంతా నడుస్తోంది. ఇక్కడ యూనిఫాం అనే సమానత్వాన్ని లేనివాడు తన డబ్బుతో కొనుక్కోవాలి. డబ్బు పెట్టి కొనుక్కునేది సమానత్వమెలా అవుతుంది?

ఎవరు ఎక్కడినుంచి చూస్తున్నారు అన్నది ఇంకా ముఖ్యం. బడి గోడ లోపల యూనిఫాం అందరినీ ఒకటి చేస్తే చెయ్యవచ్చు. గోడ బయట అది వీధిని రెండుగా చీలుస్తుంది. పొద్దున ఎనిమిదిన్నరకు మా వీధిలో నిలబడితే కనిపిస్తుంది. టై కట్టుకున్నవాళ్ళు వ్యాను కోసం ఒక పక్క. పక్కింటి పిల్లలే, నిన్న సాయంత్రం కలిసి ఆడుకున్నవాళ్ళే, చెప్పులు లేకుండా అంగన్‌వాడీకి ఇంకో పక్క. 1975 అక్టోబరు 2న మొదలైన ఆ పథకం మా ఊళ్ళో రెండు తరాల పిల్లలకు అన్నం పెట్టింది. ఆ పిల్లలను చూపించి "బాగా చదవకపోతే అక్కడ పడేస్తా" అని టై కట్టిన కొడుకుని బెదిరించిన తండ్రిని నేను చెవులారా విన్నాను. 2024లో పొరుగున తెలంగాణలో అంగన్‌వాడీ పిల్లలకూ యూనిఫాం ఇస్తామని ప్రకటించారు. ఆ ఆలోచన వెనక ఉన్న ఉక్రోషం నాకు అర్థమవుతుంది. కాని పెద్దవాళ్ళ పోటీలో పందెపు గుర్రాలు మూడేళ్ళవాళ్ళు కావడం మాత్రం బాగాలేదు. ఇస్తే ఇచ్చారు గాని, కనీసం సాగే నాడా పెట్టి కుట్టించమని కోరుకుంటాను.

నేను కాన్వెంటు కరస్పాండెంటుగారి దగ్గరకు వెళ్ళాను. మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. "మాష్టారూ, నిజం చెప్పనా? చిన్నపిల్లలకి మేం వద్దనే అనుకున్నామండీ. తల్లిదండ్రులే అడుగుతున్నారు. యూనిఫాం లేకపోతే అంగన్‌వాడీలాగా ఉంది, ఫీజు ఎందుకు కట్టాలి అంటున్నారు" అన్నాడు. నాకు కోపం రాలేదు. నేను సగం పేజీ రాసినదాన్ని ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. ఆ యూనిఫాం కొనేవాళ్ళు కొంటున్నది సమానత్వాన్ని కాదు, తేడాను.

మరి ఎదురింటావిడ? ఆవిడ కూడా తేడానే కొన్నదా? ఇక్కడ నా వాదం నన్నే తన్నింది. వద్దని చెప్పమని నేను ఆవిడకు సలహా ఇచ్చాను. ఆవిడ చీపురు పక్కన పెట్టి నవ్వింది. "మీకేం మాష్టారూ, మీ పాప గౌను వేసుకెళితే మాష్టారి మనవరాలు అంటారు. మావాడు రంగుచొక్కా వేసుకెళితే యూనిఫారం కొనలేకపోయారంటారు." ఆవిడ దగ్గరున్న డబ్బులు వేసవిలో మిరపకాయల కోతకు వెళ్ళి దాచినవి. వాటిలో ఆరురోజుల కూలి ఆ బట్టలకింద పోయింది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఇంటికి వచ్చి పడక్కుర్చీలో కూర్చుంటే ఎప్పటిదో ఇంకో మాట గుర్తొచ్చింది.

తొంభైల్లో నేనొక హైస్కూల్లో పనిచేసేవాణ్ణి. ప్రార్థన దగ్గర యూనిఫాం చూసే డ్యూటీ నాది. ముసురు పట్టిన రోజులు. ఆరో తరగతి కుర్రవాడొకడు గళ్ళచొక్కాతో వచ్చాడు. వరసలోంచి బయటికి లాగి వరండాలో నిలబెట్టాను. తెల్లచొక్కా ఏదిరా అంటే "ఆరలేదండి" అన్నాడు. అబద్ధమనుకున్నాను. వెంటనే కాదు, రెండుమూడేళ్ళ తరవాత ఎందుకో తట్టింది, వాడికి ఉన్నది ఒకే తెల్లచొక్కా అని. మా ఇంట్లో నాకు ఆరు ఉండేవి. ఒకటి ఆరకపోతే ఇంకోటి తొడుక్కునేవాణ్ణి గనక, చొక్కా ఆరకపోవడం అనేది ఒక కారణంగా నా బుర్రకు తోచలేదు. అప్పుడు నేను అమలుచేస్తున్నది సమానత్వమనే నమ్మకంతోనే ఉన్నాను. ఆ కుర్రవాడు తరవాత రెండురోజులు బడికి రాలేదు. అడిగానా? అడగలేదు.

ఆవిడ మాటనూ ఈ మాటనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు తోచింది ఇది. ఐచ్ఛికమన్నది అందరికీ ఒకే రకంగా ఐచ్ఛికం కాదు. నాకు వద్దనడం ఉచితం. మాష్టారి చాదస్తం అని నవ్వి ఊరుకుంటారు. ఆవిడ వద్దంటే ఆవిడ పరువు ఖర్చవుతుంది. అలాంటప్పుడు వద్దనవలసినది ఎవరు? వద్దనడానికి ఏమీ ఖర్చుకానివాళ్ళు. బెంచీమీద రంగు గౌను వేసుకున్నది పేదింటి పిల్ల ఒక్కతే అయితే అది లేమి. డాక్టరుగారి పిల్లా, మాష్టారి మనవరాలూ, ఎరువుల కొట్టు ఆసామి కొడుకూ కూడా రంగుబట్టల్లోనే వస్తే అది ఒట్టి బట్ట. అప్పుడుగాని ఆ కాగితంమీది ఐచ్ఛికం అన్న మాటకు ప్రాణం రాదు. కొనగలిగినవాడు కొనకపోవడమే ఇక్కడ చెయ్యగలిగిన సాయం. కాని జరిగేది తలకిందులు. కొనగలిగినవాళ్ళు మొదటిరోజే కొంటారు, ఆ తరవాత తప్పని పరిస్థితిలో మిగిలినవాళ్ళు. ఊళ్ళో నాలాగే పింఛను తీసుకునే మిత్రులు ఇద్దరికి ఈ మాట చెప్పాను. ఒకాయన ఒప్పుకున్నాడు, మనవణ్ణి టీషర్టుతోనే పంపుతున్నాడు. రెండో ఆయన "అప్పుడు మన పిల్లలకీ వాళ్ళకీ తేడా ఏముంటుంది?" అన్నాడు. కరస్పాండెంటుగారు అబద్ధమాడలేదు.

మా ఆవిడ చివరి అస్త్రం వేరే ఉంది. "మీ సిద్ధాంతాలకి పసిదాన్ని ముందు నిలబెడతారా? రేపు ఫోటోలో అది ఒక్కతే వేరేగా ఉంటే దాని మొహం ఎలా ఉంటుందో ఆలోచించారా?" ఆలోచించాను. అది అబద్ధపు భయం కాదు. బడికి వెళ్ళిన మూడోరోజే పాప "తాతా, నాకేదీ టై?" అని అడిగింది కూడా. పిల్ల ఇష్టమే ముఖ్యమని ఇన్ని పేజీలు వాదించేవాడు ఆ ఇష్టం టై మీద పడితే ఏం చెయ్యాలి? నేను చెప్పుకున్న సమాధానం నాకే పూర్తిగా తృప్తిగా లేదు. దానికి కావలసింది టై కాదు, పక్కపిల్లకు ఉన్నది తనకూ ఉండడం. ఆ పక్కపిల్లకూ కావలసింది అదే. అందరూ ఒకరినొకరు చూసి అడుగుతున్న వస్తువును అసలు మొదట అడిగినవాళ్ళు ఎవరూ లేరు. అయినా ఏడిచిన పిల్లకు ఈ తర్కం చెబితే ఏడుపు ఆగదు. ఎత్తుకుని మున్నేటి ఒడ్డుకు తీసుకువెళ్ళి ఇసకలో వదిలాను, ఆగింది. వాదంలో అది నెగ్గినట్టు కాదని నాకు తెలుసు.

చివరికి ఇంట్లో కుదిరిన ఒప్పందం ఇది. బడికి నూలు గౌన్లే. తరగతి ఫోటో రోజున పాప ఏది అడిగితే అది. ఆ రోజుకి నేను నోరెత్తను. కరస్పాండెంటుగారికి ఒక ఉత్తరం ఇచ్చాను, యూకేజీ దాకా బెల్టూ టై కొక్కెమూ తీసెయ్యమని, ఐచ్ఛికం అనే మాట ఉంచదలిస్తే ఆ కాగితంమీద ధరల పట్టిక తీసెయ్యమని. చూస్తానన్నాడు. బెల్టు విషయంలో వింటాడనుకుంటున్నాను, ఆయమ్మలకు కూడా పని తగ్గుతుంది గనక. పట్టిక సంగతి అనుమానమే. ఎదురింటి కుర్రవాడికి వాళ్ళమ్మ బెల్టు తీసేసి, నిక్కరుకి నాడా ఎక్కించింది. టై మాత్రం ఉంది. ఆ మాట మళ్ళీ నేను ఎత్తలేదు.

పోయిన ఆదివారం బీరువాలో నా పంచె కోసం వెతుకుతుంటే అడుగున ఒక కవరు తగిలింది. ఒక జత యూనిఫాం, టై, బెల్టు. మా ఆవిడ ముఖం పక్కకు తిప్పుకుంది. "ఉంటుందని తెచ్చానండీ, ఫోటోకి" అంది. పాప అప్పటికే దాన్ని కనిపెట్టేసిందట. నేను పేపరు చదవడానికి గ్రంథాలయానికి వెళ్ళినప్పుడల్లా తొడుక్కుని, బొమ్మల్ని గోడవార వరసగా కూర్చోబెట్టి టీచరాట ఆడుతోందట. ఇప్పుడు దాచే పని లేదు గనక నా ఎదుటే ఆడుతోంది. బొమ్మలకు మాత్రం గుడ్డలు లేవు. మధ్యలో ఉన్నట్టుండి పరుగెత్తుకొస్తుంది, "తాతా, బెల్టు తియ్యి, తొందరగా" అని.